టెక్సాస్ హైస్కూల్ డిప్లొమా, కాలేజీ సన్నద్ధత: తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ ఉత్తర శివార్లలో జనవరి నెల రాగానే పిల్లల బడి సంచుల్లోంచి కోర్సుల ఎంపిక ఫారాలు బయటపడతాయి. ఆ వారం నుంచి గుడిలో ప్రసాదం వరుసలోనూ, క్రికెట్ మైదానం గట్టు మీదా, పుట్టినరోజు విందుల్లోనూ నన్ను అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఒకటే. ఇద్దరు పిల్లలను ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్ దాటించిన అనుభవం తప్ప నాకు వేరే అర్హత లేదు. అయినా అడిగినవారికల్లా విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసి ఉంచడం మేలనిపించి ఈ ప్రశ్నోత్తరాలను కూర్చాను. ఇవి టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలలకు మాత్రమే వర్తిస్తాయి. స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక్కో ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు) రాష్ట్ర నియమాలకు తమ సొంత నియమాలను చేర్చుకోవచ్చు కాబట్టి, సంతకం పెట్టే ముందు మీ పాఠశాల కౌన్సెలర్‌ను ఒకసారి అడిగి తీరాలి.

## నియమాల వెనుక కథ

ఇక్కడ మనలాగా పబ్లిక్ పరీక్షలు లేవు కదా, మరి డిప్లొమా దేన్ని చూసి ఇస్తారు?

ప్రధానంగా క్రెడిట్లను చూసి ఇస్తారు. ఒక సబ్జెక్టును ఏడాది పాటు చదివి ఉత్తీర్ణులైతే ఒక క్రెడిట్, ఒక సెమిస్టర్ చదివితే అర క్రెడిట్ వస్తుంది. ఈ లెక్క ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్నెగీ ఫౌండేషన్ చలవతో స్థిరపడింది. కాలేజీ అధ్యాపకులకు పింఛను ఇవ్వడానికి ఆ సంస్థ పెట్టిన షరతుల్లో ఒకటి, ఆ కాలేజీలు హైస్కూల్‌లో నిర్దిష్టమైన కొలతతో చదివిన విద్యార్థులనే చేర్చుకోవాలన్నది. ఒక సబ్జెక్టుకు 120 గంటల బోధన అన్న కొలత అలా పుట్టింది. ముసలి ప్రొఫెసర్ల పింఛను కోసం పెట్టిన కొలత మన పిల్లల చదువును వందేళ్లకు పైగా నడిపిస్తోందంటే వింతగానే ఉంటుంది. టెక్సాస్‌లో క్రెడిట్లతో పాటు ఐదు సబ్జెక్టులలో రాష్ట్ర పరీక్షలు కూడా గట్టెక్కాలి.

టెక్సాస్ నియమాలు ఒకప్పుడు ఇంతకంటే కఠినంగా ఉండేవట, నిజమేనా?

నిజమే. 1983లో కేంద్ర విద్యాశాఖ నియమించిన కమిషన్ ఒకటి అమెరికా చదువులు దిగజారుతున్నాయని హెచ్చరిస్తూ, హైస్కూల్ విద్యార్థులందరూ నాలుగేళ్ల ఇంగ్లీషు, మూడేళ్ల చొప్పున గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం, అర సంవత్సరం కంప్యూటర్ శాస్త్రం చదవాలని సూచించింది. ఆ తరువాత రాష్ట్రాలన్నీ పోటీపడి నియమాలు పెంచాయి. టెక్సాస్ 2001లో చేసిన చట్టంతో, 2004-05లో తొమ్మిదో తరగతిలో చేరినవారి నుంచి, కాలేజీకి సిద్ధం చేసే పాఠ్యక్రమాన్ని అందరికీ సహజ మార్గంగా నిర్ణయించింది. 2006 చట్టంతో మరో మెట్టు ఎక్కి, ఇంగ్లీషు, గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం నాలుగింటినీ నాలుగేసి ఏళ్లు చదవాలన్న నియమాన్ని 2007-08లో చేరినవారి నుంచి అమలు చేసింది. దానినే ఇక్కడివారు ఫోర్ బై ఫోర్ అని పిలిచేవారు. ఆల్జీబ్రా టూ (రెండో స్థాయి బీజగణితం), ఫిజిక్స్ తప్పించుకునే వీలు చాలా తక్కువగా ఉండేది.

2012లో స్టార్ అనే కొత్త రాష్ట్ర పరీక్షలు వచ్చి, హైస్కూల్‌లో రాయవలసిన రాష్ట్ర పరీక్షల సంఖ్య 15కు చేరడంతో తల్లిదండ్రుల సహనం నశించింది. వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు దొరకడం లేదని పరిశ్రమలవారు కూడా గొంతు కలిపారు. 2013లో శాసనసభ హౌస్ బిల్ 5 ద్వారా ఆ 15 పరీక్షలను ఐదుకు తగ్గించి, అందరికీ ఒకే దారి అన్న పద్ధతిని రద్దు చేసి, 22 క్రెడిట్ల పునాది మీద ఎవరి దారి వారు కట్టుకునే నేటి పద్ధతిని తెచ్చింది. 2014-15లో తొమ్మిదో తరగతిలో చేరినవారి నుంచి ఇదే నడుస్తోంది. అంతకుముందు రాష్ట్రం చేసిన నిర్ణయాన్ని ఇప్పుడు ఇంటి దగ్గర మీరు చేయాలి. చాలామంది మనవాళ్లు గమనించని మార్పు ఇదే.

నియమాలు పెంచితే పిల్లలు నిజంగానే కాలేజీకి సిద్ధమవుతారా?

ఒక్క మాటలో తేలే విషయం కాదు. 1999లో కేంద్ర విద్యాశాఖ పరిశోధకుడు క్లిఫర్డ్ ఆడెల్మన్ వేలమంది విద్యార్థుల రికార్డులు పరిశీలించి, ఆల్జీబ్రా టూ దాటి కనీసం మరొక గణితం కోర్సు పూర్తి చేసినవారికి, కాలేజీలో చేరిన తరువాత, డిగ్రీ పట్టా పుచ్చుకునే అవకాశం రెట్టింపుకు మించి ఉంటుందని చూపించాడు. నియమాలు పెంచాలనేవారు ఎక్కువగా చెప్పే సాక్ష్యం ఇదే. అయితే కష్టమైన గణితం ఎంచుకునే పిల్లలు ముందునుంచే చదువులో బలంగా ఉంటారన్న అనుమానాన్ని ఆ అధ్యయనం పూర్తిగా తీర్చలేదు.

షికాగో అనుభవం ఇంకా పాఠం చెబుతుంది. ఆ నగరం 1997లో తేలిక కోర్సులను ఎత్తివేసి ప్రతి విద్యార్థి కాలేజీ స్థాయి పాఠ్యక్రమమే చదవాలని ఆదేశించింది. కొన్నేళ్ల తరువాత షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చూస్తే, తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా చదివేవారి సంఖ్య పెరిగింది గానీ పరీక్షల మార్కులు పెరగలేదు, తప్పేవారు కొంత ఎక్కువయ్యారు, కాలేజీలో చేరేవారి సంఖ్య కదలలేదు. అదే నగరం 2003లో, ఎనిమిదో తరగతి గణితంలో వెనుకబడిన పిల్లలకు తొమ్మిదో తరగతిలో రోజుకు రెండు పీరియడ్ల ఆల్జీబ్రా పెట్టింది. ఆ పిల్లలలో హైస్కూల్ పూర్తి చేసేవారూ, కాలేజీలో చేరేవారూ పెరిగారని తరువాతి పరిశోధనలో తేలింది. కోర్సు పేరు మార్చడం వల్ల రానిది, అదనపు సమయమూ బోధనా ఇచ్చినప్పుడు వచ్చింది. అందుకే నా మట్టుకు నేను మా పిల్లల ట్రాన్‌స్క్రిప్ట్‌లో (కోర్సులు, గ్రేడుల పట్టికలో) ఏ కోర్సు పేరు పడిందో చూసి ఊరుకోకుండా, ఆ కోర్సులో సాయంత్రం ట్యుటోరియల్ ఏ రోజు ఉందో ముందు కనుక్కునేవాడిని.

## ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు

మా వాడు ఇంకా ఆరో తరగతే. డిప్లొమా గురించి ఇప్పటినుంచే తల బద్దలు కొట్టుకోవాలా?

ఒక్క గణితం విషయంలో మాత్రం ఇప్పుడే చూసుకోవాలి. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా వన్ పూర్తి చేసినవారికి అది హైస్కూల్ క్రెడిట్‌గానే లెక్కకు వస్తుంది, పన్నెండో తరగతికి క్యాలిక్యులస్ అందుతుంది. దీనికి ఆరో తరగతి నుంచే వేగం పెంచిన గణితంలో ఉండాలి. 2023లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం, ఐదో తరగతి గణితం పరీక్షలో పై 40 శాతంలో నిలిచిన పిల్లలను ఆరో తరగతిలో పై స్థాయి గణితంలో పాఠశాలే చేర్చాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. పిల్లవాడు ఆ జాబితాలో లేకపోయినా అడిగే హక్కు మీకు ఉంది. అలాగని భిన్నాలు తడబడే పిల్లవాణ్ని ముందుకు తోయడం మంచిది కాదు. తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా వన్ గట్టిగా నేర్చుకున్న పిల్లలు కూడా పన్నెండో తరగతికి ప్రీక్యాలిక్యులస్ హాయిగా పూర్తి చేస్తారు.

ఎనిమిదో తరగతిలో ఎండార్స్‌మెంట్ ఫారం మీద సంతకం అడుగుతున్నారు. ఇది మన ఎంపీసీ, బైపీసీ లాంటిదేనా?

పోలిక సగమే సరిపోతుంది. ఎండార్స్‌మెంట్ అంటే విద్యార్థి ఏ రంగంలో ఎక్కువ కోర్సులు చదువుతాడో తెలిపే ఎంపిక. సాంకేతిక, గణిత రంగాలకు స్టెమ్; వ్యాపారం-పరిశ్రమలు; ప్రజాసేవలు; కళలు-మానవీయ శాస్త్రాలు; అన్నిటి కలయిక అయిన మల్టీడిసిప్లినరీ అని ఐదు ఉన్నాయి. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ వీటిలో ఒకటి రాతపూర్వకంగా ఎంచుకోవాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే డాక్టర్ కోర్సు తలుపు మూసుకుపోయినట్టు ఇక్కడ జరగదు, ఎంపికను మధ్యలో మార్చుకోవచ్చు. అయితే కాగితం మీద మార్చడం తేలిక, టైంటేబుల్‌లో మార్చడం కష్టం.

ఇది నాకు స్వయంగా తెలిసి వచ్చింది. మా పెద్దమ్మాయి ఫారం తెచ్చిన రాత్రి కుక్కర్ మూడో కూత వేస్తుండగా, నాలుగు కరెంటు బిల్లుల మధ్య ఆ కాగితం పెట్టి, పేరు విశాలంగా ఉంది కదా అని మల్టీడిసిప్లినరీ గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. అమ్మాయి పదో తరగతి చివర్లో ఇంజనీరింగ్ అన్నది. స్టెమ్‌కు ఆల్జీబ్రా టూ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ తప్పనిసరి. అమ్మాయి నాలుగేళ్ల ప్రణాళికలో ఫిజిక్స్ ఎక్కడా లేదు. చివరికి పన్నెండో తరగతిలో ఇరికించాం గానీ, ఆ ఏడాది తనకు ఇష్టమైన ఆర్కెస్ట్రా వదులుకోవలసి వచ్చింది. తప్పు పాఠశాలది కాదు, పది నిమిషాలలో సంతకం పెట్టిన నాది.

పిల్లకు ఏమవ్వాలో ఇంకా తెలియదు. ఏ ఎండార్స్‌మెంట్ పెట్టమంటారు?

ఏది పెట్టినా, మొదటి రెండేళ్ల టైంటేబుల్‌లో గణితం, కెమిస్ట్రీ తప్పకుండా ఉండేలా చూడండి. ఆ రెండూ ఉంటే ఎటు తిరగాలన్నా దారి ఉంటుంది. ప్రతి పాఠశాలా ఐదు ఎండార్స్‌మెంట్లనూ ఇవ్వాలన్న నిబంధన లేదు కాబట్టి, మీ బడిలో ఉన్నవేమిటో ముందు తెలుసుకోండి.

## తొమ్మిది, పది తరగతులు

22 క్రెడిట్లంటారు, 26 అంటారు. అసలు ఎన్ని కావాలి?

రెండూ నిజమే. పునాది ప్రణాళికకు 22 క్రెడిట్లు చాలు: ఇంగ్లీషు 4, గణితం 3, సైన్సు 3, సాంఘిక శాస్త్రం 3, ఇంగ్లీషు కాక మరొక భాష 2, లలితకళలు 1, వ్యాయామ విద్య 1, ఐచ్ఛికాలు 5. ఎండార్స్‌మెంట్ కావాలంటే నాలుగో గణితం, నాలుగో సైన్సు, మరో రెండు ఐచ్ఛికాలు కలిసి 26 అవుతాయి. ఆ నాలుగు గణితం కోర్సులలో ఆల్జీబ్రా టూ కూడా ఉంటే, డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్ అన్న గుర్తింపు వస్తుంది. పదో తరగతి పూర్తయ్యాక తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో ఎండార్స్‌మెంట్ వదులుకుని 22తో బయటపడే వీలు కూడా చట్టంలో ఉంది. అది ఎవరికి సరిపోతుందో నాకు తెలుసు: అనారోగ్యం వల్ల ఏడాది పోగొట్టుకున్న పిల్లలకు, ఇంటి బాధ్యత మీద పడినవారికి. సోమరితనానికి మందుగా మాత్రం వాడకూడదు.

చిన్నవి మరికొన్ని ఉన్నాయి. వక్తృత్వ నైపుణ్యం, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ శిక్షణ, పోలీసు అధికారి ఆపినప్పుడు ఎలా మెలగాలన్న పాఠం. ఇవి తరగతులలో భాగంగానే జరిగిపోతాయి, మీరు విడిగా ఏమీ చేయనక్కర్లేదు.

ఆల్జీబ్రా టూ తప్పనిసరి కాదంటున్నారు. మరి మా అబ్బాయి చేత ఎందుకు చదివించాలి?

డిప్లొమాకు అక్కర్లేదన్నది నిజం. 2014 జనవరిలో రాష్ట్ర విద్యామండలి కొత్త నియమాలను ఖరారు చేసినప్పుడు, ఎండార్స్‌మెంట్లలో ఒక్క స్టెమ్‌కే ఆల్జీబ్రా టూను తప్పనిసరి చేసింది. కానీ ఆల్జీబ్రా టూ లేకపోతే డిస్టింగ్విష్డ్ గుర్తింపు రాదు, అది లేకపోతే టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ర్యాంకు ఆధారంగా దొరికే నేరుగా ప్రవేశపు హక్కు సాధారణంగా పోతుంది. నాలుగేళ్ల డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయాలు చాలావరకు దరఖాస్తులో ఆల్జీబ్రా టూ కోసం వెతుకుతాయి. నా ఉద్దేశంలో హౌస్ బిల్ 5 చేసిన అతి పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. ఆల్జీబ్రా టూ వదిలేస్తే ఏమవుతుందో తెలిసిన ఇళ్ల పిల్లలు దాన్ని ఎలాగూ చదువుతారు. తెలియని ఇళ్ల పిల్లలకు ఆ సంగతి పదకొండో తరగతి చివర్లో తెలుస్తుంది. ఆ పాత నియమం ఎంత మొండిదైనా, తల్లిదండ్రులకు ఇంగ్లీషు ఫారాలు చదవడం రాని పిల్లవాడికి కూడా అదొక కంచెలా కాపలా కాసేది.

వెల్డింగ్ లేదా ఆటోమొబైల్ కోర్సుల మీద నిజమైన ఇష్టమున్న పిల్లవాడు ఆల్జీబ్రా టూ బదులు గణిత నమూనాల కోర్సు, గణాంకాల కోర్సు తీసుకోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. ఆ నిర్ణయం తెలిసి తీసుకున్నదై ఉండాలంతే.

స్పానిష్ బదులు తెలుగుతో భాష క్రెడిట్లు వస్తాయా?

వచ్చే వీలుంది, కానీ అది డిస్ట్రిక్టు మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని డిస్ట్రిక్టులు తెలుగులో ప్రావీణ్య పరీక్ష రాయనిచ్చి క్రెడిట్లు ఇస్తాయి. పరీక్షలో మాట్లాడడంతో పాటు చదవడం, రాయడం ఉంటాయి కాబట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన సరిపోదు. వారాంతపు తెలుగు బడికి వెళ్లి ఒత్తులు, గుణింతాలు దిద్దిన పిల్లలు గట్టెక్కుతారు. నిబంధనల ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌లో రెండు క్రెడిట్లను కూడా భాషకు బదులుగా లెక్కవేస్తారు. అయితే టెక్సాస్ బయటి విశ్వవిద్యాలయాలు మనుషులు మాట్లాడే భాషనే అడగవచ్చు కాబట్టి, ఆ దారి పట్టేముందు అవి ఏం కోరుతున్నాయో చూసుకోండి.

కూచిపూడి నేర్చుకుంటోంది. దానికి వ్యాయామ విద్య క్రెడిట్ ఇస్తారా?

కొన్ని డిస్ట్రిక్టులు బయటి శిక్షణను వ్యాయామ విద్యగా గుర్తిస్తాయి. గురువుగారి తరగతికి ముందస్తు ఆమోదం, వారానికి ఇన్ని గంటలన్న లెక్క తప్పనిసరి. ఏడాది గడిచాక అడిగితే ఎవరూ వినరు.

రాష్ట్ర పరీక్ష ఒకటి తప్పింది. డిప్లొమా రాదా?

భయపడవలసినది లేదు. ఇంగ్లీషు వన్, ఇంగ్లీషు టూ, ఆల్జీబ్రా వన్, బయాలజీ, అమెరికా చరిత్ర, ఈ ఐదింటిలో తప్పినదాన్ని ఏడాదిలో మూడుసార్లు వచ్చే అవకాశాలలో మళ్లీ రాయవచ్చు. పన్నెండో తరగతి చివరికి కూడా ఒకటి లేదా రెండు మిగిలిపోతే, 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రిన్సిపాల్, ఆ సబ్జెక్టు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఉన్న సంఘం ఒకటి ఆ విద్యార్థి చేసిన పనిని పరిశీలించి డిప్లొమాకు అనుమతించవచ్చు.

నేను ఎక్కువగా కంగారు పడేది పాసైన పిల్లల గురించి. ఫలితాలలో అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని మూడు మెట్లు ఉంటాయి. అప్రోచెస్ వస్తే పాసైనట్టే, డిప్లొమాకు అది చాలు. కానీ ఆ మాటకు అర్థమే తరగతి స్థాయికి దగ్గరవుతున్నాడని, అందుకున్నాడని కాదు. ఇంట్లో మిఠాయి పంచే ముందు ఆ గడి ఒకసారి చూడండి.

మా అన్నయ్య కొడుకు గుంటూరులో పదో తరగతి పాసై వచ్చాడు. మళ్లీ తొమ్మిది నుంచి చదవాలా?

సాధారణంగా అక్కర్లేదు. డిస్ట్రిక్టువారు పాత మార్కుల జాబితాలు చూసి క్రెడిట్లు లెక్కకడతారు, ఎన్ని ఇవ్వాలన్నది వారి నిర్ణయం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల మార్కుల జాబితాలన్నీ, పాఠశాల ముద్రతో, ఇంగ్లీషులో తెచ్చుకోవడం అవసరం. మనవాళ్లు తరచు పదో తరగతి మెమో ఒక్కటే పట్టుకొస్తారు. మాకు తెలిసిన ఒక అబ్బాయి విషయంలో కౌన్సెలర్ ఆ ఒక్క కాగితాన్నే తిరగేసి తిరగేసి, మొదటి భాష అన్నచోట ఆగి, ఇది ఏ భాష అని అడిగింది. తెలుగు అని చెప్పాక రెండు భాషా క్రెడిట్లు అక్కడికక్కడే రాసేసింది. గణితం, సైన్సుకు మాత్రం తొమ్మిదో తరగతి జాబితా కోసం ఊళ్లో ఉన్న తాతగారు బడి చుట్టూ మూడు వారాలు తిరిగారు. బయట చదివి వచ్చిన సబ్జెక్టుకు ఇక్కడి డిస్ట్రిక్టు క్రెడిట్ ఇస్తే, ఆ సబ్జెక్టు రాష్ట్ర పరీక్ష రాయనక్కర్లేదు. అమెరికా చరిత్ర మాత్రం మన బడుల్లో చెప్పరు కాబట్టి, దాన్ని ఇక్కడే చదివి పరీక్ష రాయాలి.

## పదకొండు, పన్నెండు తరగతులు

టాప్ టెన్ పర్సెంట్‌లో ఉంటే ఆస్టిన్‌లో సీటు ఖాయమేనా?

ఖాయం కాదు. ప్రవేశాలలో జాతిని పరిగణించరాదని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 1996లో తీర్పు ఇచ్చాక, 1997లో టెక్సాస్ చేసిన చట్టం ప్రతి హైస్కూల్‌లో పై పది శాతంలో నిలిచినవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో నేరుగా ప్రవేశం ఇచ్చింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి తాకిడి పెరిగిపోవడంతో, రాష్ట్ర విద్యార్థులకిచ్చే సీట్లలో 75 శాతం వరకే ఈ దారిలో నింపేలా 2009లో మినహాయింపు ఇచ్చారు. అందువల్ల అక్కడి హద్దు చాలాకాలం ఆరు శాతంగా ఉండి, 2026 ప్రవేశాలకు ఐదు శాతానికి తగ్గింది. టెక్సాస్ ఎ అండ్ ఎమ్, డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వంటి మిగతా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో పది శాతమే కొనసాగుతోంది.

రెండు విషయాలు మనవాళ్లు మరచిపోతారు. ఒకటి, నేరుగా ప్రవేశం దొరికేది విశ్వవిద్యాలయంలోకే, కంప్యూటర్ సైన్స్‌లోకి కాదు. ఆ విభాగం విడిగా ఎంపిక చేసుకుంటుంది. రెండు, ర్యాంకుకు తోడు డిస్టింగ్విష్డ్ లెవెల్ కూడా చట్టం అడుగుతుంది, లేదా కాలేజీ ప్రవేశ పరీక్షలైన ఎస్ఏటీ, ఏసీటీలలో నిర్ణీత మార్కులు ఉండాలి. డిప్లొమా నియమాలు తగ్గినా, ఈ ఒక్క తలుపు దగ్గర పాత కఠినత్వం అలాగే మిగిలి ఉంది.

డిప్లొమా వచ్చాక కూడా కాలేజీవాళ్లు మళ్లీ పరీక్ష అంటున్నారు. ఎందుకు?

అది టెక్సాస్ సక్సెస్ ఇనిషియేటివ్ పరీక్ష. ప్రభుత్వ కాలేజీలో క్రెడిట్ కోర్సులు మొదలుపెట్టే ముందు చదవడం, రాయడం, గణితం వచ్చని నిరూపించుకోవాలి. ఎస్ఏటీలో చదవడం, రాయడం విభాగంలో 480, గణితంలో 530 వచ్చినవారికి మినహాయింపు ఉంటుంది. గట్టెక్కనివారు కాలేజీలో అదనపు సహాయ తరగతి కూడా తీసుకోవాలి, దానికి డబ్బూ సమయమూ ఖర్చవుతాయి. హైస్కూల్ పట్టా ఇచ్చిన రాష్ట్రమే, ఆ పట్టా చాలదని ఇంకో పరీక్ష పెట్టడం విడ్డూరంగా తోచవచ్చు. దాని అర్థం మాత్రం సూటిగానే ఉంది: డిప్లొమా కనీస హద్దు, కాలేజీ సన్నద్ధత వేరే హద్దు. ఈ రెండింటి మధ్య దూరం టెక్సాస్‌కే పరిమితం కాదు. కాలిఫోర్నియాలో రాష్ట్ర డిప్లొమాకు రెండేళ్ల గణితం చాలు, అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు మూడేళ్లు కావాలి.

ఏపీ కోర్సులు మంచివా, డ్యూయల్ క్రెడిట్ మంచిదా?

ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్‌లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. అందులో మే నెల పరీక్షలో మార్కును బట్టి కాలేజీ క్రెడిట్ వస్తుంది. 2015 చట్టం వల్ల టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఐదుకు మూడు వచ్చినా క్రెడిట్ ఇవ్వాలి. ఒకే కోర్సుకు హైస్కూల్, కాలేజీ క్రెడిట్లు రెండూ ఇచ్చే డ్యూయల్ క్రెడిట్‌లో కోర్సు పాసైతే చాలు, కానీ ఆ గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. రాష్ట్రంలోనే చదవాలనుకునేవారికి డ్యూయల్ క్రెడిట్ బాగా పనికొస్తుంది. బయటి రాష్ట్రాల ప్రైవేటు కాలేజీలను కోరుకునేవారికి ఏపీ ఎక్కువ అక్కరకొస్తుంది. ర్యాంకు కోసం ఏడు ఏపీలు నెత్తిన వేసుకుని రాత్రి రెండింటి వరకు మేలుకునే పిల్లలను చాలామందిని చూశాను. వారిలో సన్నద్ధత కంటే అలసటే కనిపించేది.

కాలేజీ వద్దు, ఏదైనా పని నేర్చుకుంటానంటున్నాడు. పరువు పోతుందేమో?

ఈ ప్రశ్న సాధారణంగా గొంతు తగ్గించి అడుగుతారు. వృత్తి కోర్సుల ద్వారా పరిశ్రమలు గుర్తించే ధ్రువపత్రాలు సంపాదించడం కూడా రాష్ట్రం దృష్టిలో సన్నద్ధతే. కాలేజీ, ఉద్యోగం, సైన్యం, మూడింటిలో దేనికి సిద్ధమైనా పాఠశాలకు లెక్కలో మార్కులు వస్తాయి. ఇక్కడే కొంచెం జాగ్రత్తగా ఉండాలి. పాఠశాలకు మార్కు తెచ్చే ధ్రువపత్రమల్లా మీ వాడికి జీతం తెచ్చేది కాదు. తేలికగా వచ్చే, కొలువుకు పనికిరాని కొన్నింటిని రాష్ట్ర విద్యాశాఖ జాబితా నుంచి తొలగిస్తూ వస్తోంది కూడా. ఆ పత్రం ఉన్నవారిని మన ఊళ్లో ఎవరు పనిలోకి తీసుకుంటున్నారని ఉపాధ్యాయుణ్ని అడగండి. రెండు మూడు సంస్థల పేర్లు వెంటనే చెప్పగలిగితే ఆ కోర్సు నిజమైనదే.

మేము హెచ్-వన్ మీద ఉన్నాం. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ (కేంద్ర ఆర్థిక సహాయ దరఖాస్తు) నింపకపోతే డిప్లొమా ఆపేస్తారా?

2021-22 నుంచి పన్నెండో తరగతి విద్యార్థులందరూ ఆర్థిక సహాయ దరఖాస్తు నింపాలన్నది నియమమే. హెచ్-ఫోర్ (హెచ్-వన్‌వారి కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లలకు కేంద్ర ఆర్థిక సహాయానికి అర్హత లేదు. కంగారు పడకుండా, దరఖాస్తు వద్దని తెలిపే ఒక పుట ఫారం మీద తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసి ఇస్తే నియమం తీరినట్టే. అర్హత ఉందో లేదో తేలని కుటుంబాలు కౌన్సెలర్‌ను కలిసి రాష్ట్ర దరఖాస్తు సంగతి కూడా అడగాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారు మాత్రం ఎఫ్ఏఎఫ్ఎస్ఏ తప్పకుండా నింపడం మంచిది.

క్రెడిట్లన్నీ పదకొండులోనే అయిపోయాయి. చివరి ఏడాది గణితం మానేయవచ్చా?

మానేయవచ్చు గానీ మానవద్దు. పదిహేను నెలలు గణితం ముట్టకుండా కాలేజీలో క్యాలిక్యులస్ తరగతిలో కూర్చున్న పిల్లవాడికి మొదటి వారంలోనే లాగరిథమ్‌లు పరాయివిగా కనిపిస్తాయి. క్యాలిక్యులస్ వద్దనుకుంటే గణాంకాలైనా తీసుకోమనండి.

## మారుతున్న నియమాలు

చిన్నవాడు 2026లో తొమ్మిదో తరగతికి వస్తాడు. వాడికి కొత్తగా ఏమైనా ఉందా?

ఉంది. 2025లో చేసిన చట్టం ప్రకారం, 2026-27లో తొమ్మిదో తరగతిలో చేరేవారి నుంచి వ్యక్తిగత ఆర్థిక వ్యవహారాలపై అర క్రెడిట్ తప్పనిసరి. బడ్జెట్, అప్పు, వడ్డీ వంటివి అందులో నేర్పుతారు. పెద్దపిల్ల కోసం మీరు వేసుకున్న నాలుగేళ్ల పట్టిక చిన్నవాడికి యథాతథంగా పనికిరాదు. ఏ పిల్లకైనా తొమ్మిదో తరగతిలో చేరిన ఏటి నియమాలే వర్తిస్తాయి.

వేరే రాష్ట్రానికి బదిలీ అయితే ఈ లెక్కలన్నీ వృథానా?

వృథా కావు, క్రెడిట్లు వెంట వస్తాయి. కాని కొత్త రాష్ట్రపు లెక్క వేరుగా ఉంటుంది, అది కూడా మారుతూ ఉంటుంది. మసాచుసెట్స్‌లో 2003 నుంచి డిప్లొమాకు తప్పనిసరిగా ఉన్న రాష్ట్ర పరీక్షను 2024 నవంబరులో ఓటర్లే తీసేశారు. న్యూయార్క్ కూడా తన పాత రీజెంట్స్ పరీక్షల నిబంధనను సడలించే దారిలో ఉంది. పదకొండో తరగతి దాటాక ఇల్లు మారవలసి వస్తే, టెక్సాస్ పాఠశాల నుంచి ముద్ర వేసిన ట్రాన్‌స్క్రిప్ట్, కోర్సుల వివరాలు, రాష్ట్ర పరీక్షల ఫలితాలు, మూడూ చేతిలో పట్టుకుని బయలుదేరండి. వేసవి సెలవులలో పాఠశాల కార్యాలయంలో సిబ్బంది తక్కువగా ఉంటారు కాబట్టి, మే నెలలోనే అడిగి తీసుకోండి.